గుర్రం కోసం నేల కొనేవాళ్లకు: ఆనందపురం, పద్మనాభం వైపు ఏం చూడాలి

విశాఖ చుట్టుపక్కల గుర్రాలు పెంచుకోవడానికి ఎకరమో రెండెకరాలో కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది సముద్రం కనిపిస్తుందా అని. నేను ముందు చూసేది వాన వెలిశాక అక్కడ నీళ్లు ఎంతసేపు నిలుస్తాయని. మా నాన్న పూర్ణామార్కెట్ దగ్గర జట్కా తోలేవాడు. ఇప్పుడు తగరపువలస అవతల నాకొక మార్వాడీ, ఒక కథియావాడీ ఉన్నాయి. రెండూ రాజస్థాన్, గుజరాత్ పొడినేలల్లో పుట్టిన జాతులు. వాటిని తెచ్చి మన ఉక్కపోతలో కట్టేస్తున్నాం. ఆ కష్టం కొంతైనా తగ్గేది మనం ఎంచుకునే నేలను బట్టే.

అందుకని భూమి చూడ్డానికి ఏప్రిల్‌లో వెళ్లకండి. ఎండల్లో ఏ పొలమైనా బాగానే ఉంటుంది. అక్టోబరులో, గట్టివాన పడిన మర్నాడు వెళ్లండి. గట్టు మీద నిలబడి చూసి వచ్చేయకుండా మధ్యదాకా నడవండి. మీ చెప్పు దిగబడిన చోట డెక్కా దిగబడుతుంది. ఎప్పుడూ తడిలో నిలబడే గుర్రానికి డెక్క అడుగున మెత్తటి భాగం కుళ్లి నల్లగా కారుతుంది, కంపు కొడుతుంది. లాడాలు కొట్టించినంత మాత్రాన అది మానదు, నేల ఆరాలి. వరిమడి ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. కాస్త వాలుగా ఉన్న ఎర్రనేల గరువు, అంటే మెట్టభూమి, కావాలి. గరిక దానంతటదే పాకి ఉంటే ఇంకా మంచిది. పక్కన గెడ్డ (వాగు) ఉంటే అది పొంగినప్పుడు నీరు ఎందాకా వస్తుందో ఆ ఊరి గొర్రెలకాపరిని అడగండి, అమ్మేవాణ్ణి కాదు.

భీమిలి తీరం వెంబడి ఉత్త ఇసుక నేలలు నీరు ఇంకడానికి బాగుంటాయి గానీ, పొట్టిగడ్డి కొరికేటప్పుడు గుర్రం ఇసుక మింగుతుంది. అది పేగుల్లో పేరుకుంటే కడుపునొప్పి లేస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పైగా సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయి, షెడ్డు వేయడానికే చిక్కులు.

తర్వాత గాలి. గుర్రం ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా చెమటతోనే. గాలిలో తేమ ఎక్కువై ఆ చెమట ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు. ఇలాంటి వాతావరణంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది, అప్పుడవి నీడలో నిలబడి కూడా రొప్పుతాయి. కొండ చాటున గాలి ఆడని జాగా మనిషికి హాయిగా ఉంటుందేమో గానీ గుర్రానికి పనికిరాదు. మే నెల మధ్యాహ్నం మరోసారి వెళ్లి ఆకులు కదులుతున్నాయా లేదా చూడండి. ఒక్కో గుర్రానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది, చుట్టూ గోడలు లేకుండా, ఎత్తయిన తాటాకు కప్పుతో వేయడం నాకిష్టం. రేకులు వేస్తే కొక్కేలతో గట్టిగా బిగించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రేకులు ఎలా ఎగిరాయో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ తుపానుకు రోజుల తరబడి కరెంటు లేదు. గుర్రం మామూలుగానే రోజుకు 30, 40 లీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. మోటారు ఆగినా నీళ్లు దిగేలా ఎత్తు మీద ట్యాంకు ఉండాలి, తోడుకోగల నుయ్యి ఉంటే అదృష్టమే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో పరీక్ష చేయించండి.

మేత విషయంలో అమ్మేవాళ్లు ‘సూపర్ నేపియర్ గడ్డి వేసుకోండి, అంతే’ అంటారు. ఆవులకు అది సరే. గుర్రానికి నేపియర్‌లోని ఆక్సలేట్లనే పదార్థాలు మేతలోని సున్నాన్ని (కాల్షియం) ఒంటికి అందనివ్వవు. దాంతోపాటు తవుడు కూడా దండిగా పెడితే, అందులోని భాస్వరం మిగిలిందీ లాగేస్తుంది. నెలలు గడిచేసరికి ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. కాబట్టి గరికకు జాగా వదలండి, ఎండు వేరుశనగ కట్టె కొని పెట్టుకునేందుకు తడవని గది కట్టుకోండి. నేపియర్ పెట్టినా కొద్దిగానే పెట్టి, కాల్షియం ఎంత కలపాలో డాక్టరుతో లెక్క వేయించండి. జొన్న పచ్చిమేత అసలే వద్దు.

పొలం చుట్టూ గన్నేరు కంచె ఉంటే, డబ్బులిచ్చే ముందే పీకించాలి. గుప్పెడు ఆకులు చాలు గుర్రాన్ని చంపడానికి, ఎండిపోయినా విషం పోదు. ముళ్లతీగ కూడా తీయించి సరుగుడు కర్రలతో అడ్డపట్టీలు కొట్టించండి. బెదిరిన గుర్రానికి తీగ కనిపించదు. చెరువుగట్టున, పశువుల మంద పక్కన జోరీగలు ఎక్కువ. అవి కుడితే సర్రా అనే జబ్బు అంటుకుంటుంది, ఆ జ్వరం రక్తాన్ని తినేస్తుంది. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరు ఎంతసేపట్లో రాగలరో కొనకముందే అడగండి.

ఇక కాగితాలు. జిరాయితీ, అంటే సొంత పట్టా ఉన్న, భూమే కొనండి. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో 1బి, అడంగల్ అనే భూరికార్డులు తీసి పాసుపుస్తకంతో సరిచూడండి, భూమి మీద పాత లావాదేవీలు, తాకట్లు తెలిసేలా 30 ఏళ్లకు ఈసీ పెట్టండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (కొత్త భూపటం) నంబరు ఉంటుంది, రెండూ ఒకే భూమివేనని రాయించుకోండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు దగ్గర చూడందే బయానా ఇవ్వొద్దు. ప్రభుత్వం పేదలకిచ్చిన డీపట్టా భూముల బదిలీని కట్టడి చేసే 1977 చట్టం ఉంది. సింహాచలం దేవస్థానంతో పంచగ్రామాల భూముల హక్కు చిక్కు అడవివరం, వేపగుంట వైపు అందరికీ తెలిసిందే. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ధర పెంచితే పట్టించుకోకండి, మీ గుర్రానికి దాంతో పనిలేదు.

బయానా కాగితంలో మూడు మాటలు మాత్రం తప్పక రాయించండి: సర్వేయరు కొలిచి హద్దురాళ్లు పాతాకే మిగతా సొమ్ము, గడ్డి లారీ తిరిగేంత దారి హక్కు దస్తావేజులో ఉండాలి, బోరు నీరు పరీక్షలో తేడా వస్తే బయానా వాపసు. దారి నోటిమాట మీద ఉంటే, పక్క పొలం చేతులు మారిన రోజున మేత లారీ రోడ్డు మీదే ఆగుతుంది.