ఎదిగిన బిడ్డకి మనసు బాగోలేకపోతే ఇంట్లో ఎలా మసలుకోవాలి

మా పెద్దాడికి ముప్ఫై దాటాయి. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తుండగా మొదలైంది. ఇప్పుడు విజయనగరంలో మా దగ్గరే ఉంటున్నాడు. మేమిద్దరం రిటైరైన టీచర్లం. ఇలాంటి బిడ్డలున్న అమ్మానాన్నలు ఫోన్ చేసి "ఏం చెయ్యమంటారు టీచరుగారూ" అని అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే రాస్తున్నాను.

ముందు మీ గొంతు సంగతి చూసుకోండి. ఈ జబ్బున్న ఇంట్లో మందు తర్వాత అంత పనిచేసేది అదే. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఈ జబ్బుకి ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్ళినవాళ్ళని గమనించాడు. ఎప్పుడూ తప్పులు పట్టే ఇళ్ళకీ, కన్ను ఆర్పకుండా వెంటే తిరిగే ఇళ్ళకీ వెళ్ళినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అంటే తిట్టడమే కాదు, మరీ అతిగా పట్టించుకోవడం కూడా చేటే. "లేచావా, స్నానం చేశావా, ఎంతసేపూ ఆ ఫోనేనా" అని మూడూ ఒక్క గుక్కలో అడక్కండి. "నీళ్ళు తోడాను నాన్నా" అని ఊరుకోండి. అరగంటకి లేస్తే లేస్తాడు, లేకపోతే సాయంత్రం చేస్తాడు. పొద్దెక్కేదాకా పడుకోవడం, నలుగురిలోకి రాకపోవడం, మాటకి మాట బదులివ్వకపోవడం బద్ధకం కాదు. కొంత జబ్బు, కొంత మందుల మత్తు. ఇది అర్థమయ్యాక మీ కోపం సగం దానంతటదే తగ్గుతుంది.

"పక్కింటివాళ్ళు నా గురించే మాట్లాడుకుంటున్నారు" అన్నాడనుకోండి. అవునని తలూపకండి, అబద్ధమని వాదించకండి. వాడికి అవి నిజంగానే వినబడుతున్నాయి. "నాకు వినబడలేదురా. నీకు భయంగా ఉందా? నేనిక్కడే కూర్చుంటాను" అనండి. ఆ భయం ఒక్కటే మనం తీర్చగలిగింది.

అలాగని అన్నిటికీ సరేననక్కర్లేదు. మా ఇంట్లో రెండే నియమాలు: ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు, ఇంట్లోకి మద్యం సీసా రాకూడదు. ఇవి వాడు నెమ్మదిగా ఉన్న రోజున చెప్పాలి. గొడవ మధ్యలో చెప్పిన నియమం బెదిరింపులా వినిపిస్తుంది. వస్తువులు విసిరే స్థితి వస్తే మీరు గుమ్మం వైపు నిలబడండి. చుట్టుముట్టకండి, బయటికి వచ్చేసి 112కి ఫోన్ చెయ్యండి. కత్తిపీట, పురుగుమందు, మిగిలిన మాత్రలు తాళంలో ఉండాలి.

చావు మాట ఎత్తితే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సహాయం టెలిమానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆసుపత్రికి రానంటే? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉంది. తనకో, ఎదుటివాళ్ళకో ప్రమాదంగా ఉన్నాడని, లేదా తన బాగోగులు తాను చూసుకోలేకపోతున్నాడని డాక్టర్లు తేలిస్తే, నామినేటెడ్ ప్రతినిధి (తన తరఫున మాట్లాడటానికి బిడ్డ ఎంచుకున్న మనిషి) దరఖాస్తు మీద ముప్ఫై రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో బిడ్డ బాగున్న రోజుల్లోనే తన చేత్తో రాసి సంతకం పెట్టిస్తే మంచిది. మా వైపు వాళ్ళకి విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. దాని పేరు చెప్పడానికి సిగ్గుపడి గుళ్ళూ దర్గాలూ తిరిగి నెలలు పోగొట్టుకోకండి. మొక్కుకోండి, నేనూ మొక్కుకుంటాను, కానీ మందు ఆపకుండా మొక్కుకోండి. గొలుసు మాత్రం వెయ్యొద్దు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచిన పాక అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసిన ఇరవై ఎనిమిది మంది కదల్లేక కాలిపోయారు. అది తలచుకుంటే నాకిప్పటికీ అన్నం దిగదు.

మందు ఎక్కువగా ఆగిపోయేది నయమైందనుకున్నప్పుడే. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి. పప్పులో కలిపి తెలియకుండా పెట్టకండి, బయటపడిన రోజున మీ చేతి అన్నం కూడా ముట్టడు. రోజూ మింగనంటే, కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, అడగండి. ఒలాంజపిన్ లాంటి మాత్రలు వాడితే బాగా లావెక్కొచ్చు, అందుకని అప్పుడప్పుడూ పరగడుపున షుగరు చూపించాలి.

ఇక పెళ్లి. "ముడి పడితే అన్నీ సర్దుకుంటాయి" అని మా ఇంటికొచ్చిన ప్రతి పెద్దమనిషీ అన్నాడు. సర్దుకోవు. కొత్త ఇల్లు, కొత్త మనిషి, నిద్రలేని రాత్రులతో జబ్బు ఇంకా ముదరొచ్చు. దాచి చేస్తే కోర్టులో ఆ పెళ్లి రద్దు కావచ్చు కూడా. అంతకంటే ముందు, అవతల ఒక ఆడపిల్ల ఉంది. ఆమె కూడా ఎవరో కన్న బిడ్డే. వాడు నిలకడగా ఉండి, వాడే కావాలని, అన్నీ తెలిసిన మనిషి ఒప్పుకుంటే అది వేరే మాట.

కాగితాల పని వాయిదా వెయ్యకండి. మానసిక అనారోగ్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. వైకల్యం నలభై శాతం గానీ ఆపైన గానీ ఉందని సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చేది) వస్తే, మిగతా అర్హతలుంటే, ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 6,000 పింఛను. మాలాంటి ప్రభుత్వ పింఛనుదారులైతే, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకి మన తదనంతరం ఫ్యామిలీ పింఛను వచ్చే వీలుంది. బతికుండగానే ట్రెజరీలో అడిగి ఆ వివరాలు రికార్డులోకి ఎక్కించండి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ని పెట్టుకోవచ్చని ఎవరైనా అంటే, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లాంటివాటికే. స్కిజోఫ్రీనియాకి వర్తించదు.

మా అమ్మాయి కోసం ఒక నోటుబుక్ పెట్టాను. ఏ మందు ఎంత మోతాదు, ఏది పడలేదు, ఏ డాక్టరు, సర్టిఫికెట్ ఏ బీరువాలో ఉంది, జబ్బు తిరగబెట్టే ముందు వాడిలో మొదట ఏం కనబడుతుంది (మావాడికైతే నిద్ర తగ్గుతుంది, కిటికీలు మూసేస్తాడు), అన్నీ అందులో రాస్తాను. మందు మారినప్పుడల్లా తేదీ వేసి ఆ పేజీ ఫొటో తనకి పంపుతాను.