తీగ చుట్టూ రేడియల్ క్షేత్రం: పొటెన్షియల్, ఎలక్ట్రాన్ వేగం (4వ పాఠం)

కిందటి పాఠంలో బిందు ఆవేశం దగ్గర పొటెన్షియల్ కట్టాం. ఈసారి తీగ. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనగానే చాలామందికి బస్సు బోర్డే గుర్తొస్తుంది. 1967లో మొదలైన ఆ సంస్థ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) రేడియేషన్‌ను కొలిచే పరికరాలు కూడా తయారుచేస్తుంది. అలాంటి కొలతలకు వాడే గైగర్-ముల్లర్ గొట్టం మన లెక్కకు చక్కగా సరిపోతుంది: ఒక లోహపు గొట్టం, దాని నడిమధ్యన సన్నని తీగ. తీగకు ధన వోల్టేజీ ఇస్తే క్షేత్రరేఖలు తీగ నుంచి గోడదాకా నలువైపులా తిన్నగా పరుచుకుంటాయి.

తీగ వ్యాసార్ధం 0.1 మిల్లీమీటరు, గొట్టం లోపలి వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు అనుకుందాం. గాస్ నియమం ప్రకారం ఇక్కడ క్షేత్రం దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది, దూరం వర్గానికి కాదు. అంటే క్షేత్రాన్ని అక్షం నుంచి దూరంతో గుణిస్తే ఎక్కడైనా ఒకటే విలువ. అది 100 వోల్టులు అనుకోండి. అప్పుడు గోడ దగ్గర క్షేత్రం మీటరుకు 10 వేల వోల్టులు, తీగ ఉపరితలం మీద 10 లక్షలు.

మరి గోడకీ తీగకీ మధ్య పొటెన్షియల్ తేడా ఎంత? పెన్ను పట్టగానే క్షేత్రాన్ని దూరంతో గుణించేయకండి. గోడ దగ్గరి క్షేత్రంతో గుణిస్తే 99 వోల్టులు, తీగ దగ్గరిదానితో 9,900. రెండూ తప్పే. ఆ గుణకారం సమ క్షేత్రంలోనే చెల్లుతుంది. ఇక్కడ సమాకలనం చేయాలి, చేస్తే సహజ సంవర్గమానం (లాన్) వస్తుంది:

పొటెన్షియల్ తేడా = 100 × లాన్ (10 ÷ 0.1) = 100 × లాన్ 100

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) హాల్లో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి లాన్ 10 విలువ 2.303 అని కంఠస్థం చేయండి. లాన్ 100 దానికి రెట్టింపు. జవాబు సుమారు 460 వోల్టులు.

అనంత దూరంలో పొటెన్షియల్ సున్నా అనుకోవడం పొడవాటి తీగకు కుదరదు, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ సంవర్గమానం పెరుగుతూనే పోతుంది. అందుకే గోడను సున్నాగా తీసుకుంటాం.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. గోడ నుంచి 9 మిల్లీమీటర్లు లోపలికి వస్తే, అంటే అక్షానికి 1 మిల్లీమీటరు దూరంలో, పొటెన్షియల్ 230 వోల్టులే. మిగిలిన 230 వోల్టులూ చివరి 0.9 మిల్లీమీటరులోనే వస్తాయి! తీగను అంత సన్నగా ఎందుకు పెడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక వేగం. గోడ దగ్గర నిశ్చలంగా ఉన్న ఎలక్ట్రాన్‌ను వదిలాం. నిజం గొట్టంలో వాయువు ఉంటుంది, ఎలక్ట్రాన్ దాని అణువులను ఢీకొంటూ శక్తి పోగొట్టుకుంటుంది. మనం మాత్రం లోపల శూన్యం అనుకుందాం. త్వరణం స్థిరంగా లేదు కనుక చలన సమీకరణాలు పనికిరావు. శక్తి నిత్యత్వమే దారి:

½ × ద్రవ్యరాశి × వేగం² = ఆవేశం × పొటెన్షియల్ తేడా

ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కులూంబ్, ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోగ్రామ్. తీగను తాకేటప్పటికి వేగం సెకనుకు సుమారు 1.27 × 10⁷ మీటర్లు. కాంతి వేగంలో ఇది 4 శాతం పైచిలుకే కాబట్టి సాపేక్షతా సవరణ అక్కర్లేదు. 1 మిల్లీమీటరు దగ్గరైతే వేగం 9 × 10⁶. పొటెన్షియల్ సగమైతే వేగం సగం కాదు, రూట్ 2తో భాగించినంత అవుతుంది.

మీరు చేయాల్సింది: అదే గొట్టంలో ఎలక్ట్రాన్ తీగ చుట్టూ వృత్తంలో తిరగాలంటే ఎంత వేగం కావాలి? వృత్తం వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లకూ, 5 మిల్లీమీటర్లకూ విడివిడిగా కట్టండి. రెండిటికీ 4.2 × 10⁶ వస్తే మీ లెక్క సరైనదే. ఒకే జవాబు ఎందుకొచ్చిందో 5వ పాఠం లోపు ఆలోచించి పెట్టుకోండి.