కొమ్ము విసిరే గిత్త: నా అనుభవం

మా కోనసీమ తోటలో మూడేళ్ల ఒంగోలు గిత్త ఉంది. గడ్డి వేయడానికి వెళ్తే చాలు, కొమ్ము విసిరేది. కొట్టాం, ముక్కుతాడు మార్చాం, దిష్టి కూడా తీశాం, లాభం లేదు.

చివరికి చూస్తే, పాకలో దాని ముఖం గోడవైపు ఉంది. మేం వచ్చేది సరిగ్గా వెనకనుంచి, అంటే దానికి కనపడని చోటునుంచి. ముందు కట్టుకొయ్య మార్చి, గుమ్మం కనపడేలా కట్టాను. తర్వాత దూరంనుంచే ‘ఓయ్ అబ్బాయ్’ అని పిలుస్తూ, ఎడమ భుజం వైపుగా వెళ్లి ఆగేవాణ్ణి. చెవులు వదులయ్యాకే చెయ్యి వాసన చూపించి, గంగడోలు గోకి, అప్పుడు పగ్గం ముట్టుకునేవాణ్ణి. పదిహేను రోజులకి గోకమని అదే మెడ చాచింది!

అన్ని గిత్తలకీ పనిచేస్తుందని చెప్పలేను, నేను చూసింది ఇదొక్కటే. అడ్డంగా తిరిగి, తల దించి, కాలితో మట్టి గీరుతుంటే మాత్రం ఇప్పటికీ వీపు చూపకుండా వెనక్కి వచ్చేస్తాను.