బెయిలు వచ్చినా మనిషి బయటికి రాలేదా? పేద ఖైదీల సహాయ పథకానికి దరఖాస్తు విధానం

శ్రీకాకుళం దగ్గర అంపోలులోని జిల్లా జైలు గేటు ముందు పలాస నుంచి వచ్చిన ఒకామె కలిసింది. జీడిపిక్కలు వలిచి వేళ్ల చివర్లు నల్లబడిపోయాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బెయిలు ఉత్తర్వు. "బెయిలొచ్చీసింది బాబూ, మరింకేటి గావాల?" అనడిగింది. అప్పటికి ఇరవై రెండు రోజులు. ష్యూరిటీలు, అంటే కోర్టుకు పూచీ ఉండేవాళ్ల సంగతి నేను చూసుకుంటానన్న ఒకడికి పుస్తెలు తాకట్టుపెట్టి డబ్బిచ్చింది. వాడు మళ్లీ కనబడలేదు.

జైల్లో ఉన్న ఎవరికైనా లాయరు ఉచితం. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేదు. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇక పథకం సంగతి. బెయిలు డబ్బో జరిమానానో కట్టలేని పేద ఖైదీల తరఫున ప్రభుత్వం కడుతుంది. బెయిలిచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారులే ఆ సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. తెలియజేశారో లేదో ములాకత్‌కు వెళ్లినప్పుడు అడగండి. ఇంటి పరిస్థితి విచారిస్తారు కాబట్టి రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు సిద్ధంగా ఉంచండి. తర్వాత సాయం ఇవ్వాలా వద్దా అన్నది జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. 2023లో మొదలైనప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, శిక్షపడిన వారి జరిమానాకు 25,000 వరకు పరిమితి పెట్టారు. గంజాయి కేసుల వంటి మాదకద్రవ్యాల చట్టం కేసులకు వర్తించదు. డబ్బు కోర్టుకే కడతారు, మీ చేతికి రాదు. మీ ఖాతాలో వేయిస్తాను, కమీషన్ ఇవ్వమన్నవాడు మోసగాడే.

ఎక్కువమంది ఆగిపోయేది ఉత్తర్వులోని షరతు దగ్గర. ఆ ఒక్క పేరా ఎవరిచేతనైనా నిదానంగా చదివించుకోండి. డబ్బు కట్టమని ఉంటే పథకం పనికొస్తుంది. ఇద్దరు మనుషులు ష్యూరిటీ ఉండాలని ఉంటే మాత్రం పథకం మనుషుల్ని తెచ్చిపెట్టదు. అప్పుడు ఉచిత లాయరుచేత అదే కోర్టులో షరతు సడలించమని పిటిషన్ వేయించాలి. నెలలోపు ష్యూరిటీలు పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే సడలింపు పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుకు ఈ తేదీ గుర్తుచేయండి, తప్పేమీ లేదు.

డబ్బు తీసుకుని పూచీ సంతకం పెట్టే అద్దె ష్యూరిటీల జోలికి పోవద్దు. వాళ్లు కోర్టులో చూపించిన ఇంటిపన్ను రశీదు దొంగదని తేలితే మీవాడికి మళ్లీ చిక్కే. సొంత బావో, మేనమామో సంతకానికి జంకుతుంటే ఇలా చెప్పండి: మనిషి వాయిదాలకు వస్తున్నంతవరకు ష్యూరిటీ పైసా కట్టనక్కర్లేదు. రాకపోయినా బాండులో రాసిన మొత్తానికే బాధ్యత. అందుకే విడుదలైన రోజునే తర్వాతి వాయిదా తేదీ కాగితం మీద రాయించుకుని ఇంట్లో అందరికీ కనబడేచోట పెట్టండి.