ఎలుకల మందు పెట్టడానికి పొట్ట దశ దాకా ఆగకండి

గత ఏడాది దసరాకు ముందు మా పక్క ఊరిలో ఒక కౌలురైతు ఎలుకల కోసం గట్టు పొడుగునా కరెంటు తీగ కట్టారు. తెల్లవారుజామున మదుము (నీటి తూము) తీయడానికి వెళ్లి, తాను కట్టిన తీగే తగిలి చనిపోయారు. అప్పటికి మడి పొట్ట మీద ఉంది, అంటే కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉబ్బుతున్న దశ. రోజుకో సెంటు మేర దుబ్బులు తెగి పడుతుంటే ఆ మనిషికి ఇంకేమీ తోచలేదు. ఈ ఏడాదీ ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయి. వంశధార కింద, నాగావళి కింద అదే మాట వింటున్నాను: "ఇప్పుడేం తొందర, నష్టం కనిపించాక చూద్దాం."

కొంప ముంచేది ఆ మాటే. శ్రీకాకుళం సన్నాలు రకం వరి వేసినా మరొకటి వేసినా, ఎలుకల వల్ల పంట పోగొట్టుకున్నవారిలో నాకు తెలిసిన ప్రతి ఒక్కరూ పొట్ట దశ దాకా ఆగినవారే.

ఎందుకో ఒకసారి కళ్లారా చూశాను. గట్టు తవ్వినప్పుడు దొరికిన ఒక ఆడ పందికొక్కును ఒక వ్యవసాయ అధికారి కోసి చూపించారు. దాని గర్భాశయం మనిషికి ఉన్నట్టు ఒకే సంచి కాదు, పంగలకర్రలా చీలిన రెండు కొమ్ములు. ఆ కొమ్ముల్లో పిండాలు చిక్కుడుకాయలో గింజల్లా వరుసగా ఉన్నాయి: ఒకవైపు ఐదు, అవతల నాలుగు. పైగా దాని చన్నులు సాగి, చుట్టూ వెంట్రుకలు ఊడి ఉన్నాయి. అంటే కన్నంలో పాలు తాగే పిల్లలు ఉండగానే కడుపులో రెండో విడత తయారవుతోంది.

ఇది వింతేమీ కాదు. ఎలుక ఈనిన ఒక రోజులోపే మళ్లీ ఎదకు వస్తుంది. కడుపు నిలవకపోతే నాలుగైదు రోజులకొకసారి ఎద తిరిగి వస్తూనే ఉంటుంది. చూలు మూడు వారాలకు కాస్త అటూ ఇటూ. పాలిస్తూ ఉంటే కొత్త పిండాలు గర్భాశయానికి అతుక్కోవడం కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, అంతే. పిల్లలు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, మూడు వారాలకు పాలు మానుతాయి. ఈ యంత్రం జోరందుకునేది మేత దండిగా ఉన్నప్పుడు, అంటే మన వరి పొట్టకు వచ్చి గింజ పాలు పోసుకునే నెలన్నరలో. పొట్టకు ముందు ఒక ఆడదాన్ని చంపితే రెండు కాన్పులు ఆగినట్టు. పొట్ట తర్వాత చంపితే కన్నంలో మేతకు దిగిన పిల్లలు మిగిలే ఉంటాయి.

ఎలుకలు పట్టే బుట్టలో పడినవాటిని పారేసే ముందు తిరగేసి చూడండి. మగదానికి వృషణాలు కిందికి జారి ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయా? జత కట్టే కాలం వచ్చేసింది. ఆ కాలం కానప్పుడు అది వాటిని పొట్టలోకి లాక్కోగలదు. అయితే మగవాటిని ఎన్నింటిని పట్టినా లెక్క పెద్దగా మారదు. మిగిలిన ఒక్కటి చాలు. ఆడవే ముఖ్యం.

మందు విషయం. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. అందుకే కొత్త తిండిని కొంచెం కొరికి ఊరుకుంటుంది. తేడా చేసి బతికిందా, ఇక దాన్ని ముట్టదు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు నేరుగా పెట్టి "మందు పనిచేయలేదు" అనేవారంతా ఇక్కడే దెబ్బ తింటారు. ముందు రెండు రోజులు ఉత్త నూకలకు నూనె పట్టించి పెట్టి అలవాటు చేయాలి. తర్వాతే నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 కలిపి పది గ్రాముల పొట్లాలు కట్టాలి. బ్రోమాడయోలోన్‌ అనే ఇంకో మందు కొన్ని రోజులు పట్టి నెమ్మదిగా చంపుతుంది కాబట్టి దానికి ఈ అలవాటు పని లేదు. పొట్ట దశలో మాత్రం ఏ నూకలూ పనికిరావు. పాలగింజ నోటి ముందు ఉండగా మీ పొట్లం దానికెందుకు?

ఆకుమడి పోసే రోజుల్లో ఒకసారి, ఉభాలు అయిన నెలలోపు మరోసారి మందు పెట్టండి. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, పొద్దున తెరుచుకున్నవాటిలోనే వేయండి. గట్టుకు ఇరువైపులా ఉన్న రైతులు అదే రోజు పెట్టాలి. మీరొక్కరే పెడితే పక్క మడి నుంచి వారంలో వస్తాయి. గట్లు సన్నగా ఉంచండి. వరద తీసిన మర్నాడు ఎత్తు గట్లు చూడండి, అక్కడికే చేరతాయి. ఒట్టి చేతులతో మందు కలపకండి. వంటింటి గిన్నెలో కలపకండి. వాన పడేలా ఉంటే జింక్ ఫాస్ఫైడ్ ముట్టకండి, తడి తగిలితే విషవాయువు పుడుతుంది. దానికి విరుగుడు లేదు. ఎవరైనా మింగితే డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. కోళ్లు, బాతులు కట్టేయండి. చచ్చినవి ఏరి లోతుగా పాతిపెట్టండి, కుక్కకు అందనివ్వకండి. మందు పెట్టిన పొలంలో పట్టిన ఎలుకను కూరకు ఇవ్వకండి. కాలికి పుండు ఉంటే మడిలో దిగకండి. ఎలుక మూత్రం కలిసిన నీటితో ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వస్తుంది. కోతల తర్వాత పెసర, మినుము చల్లే మడిలో మళ్లీ కన్నాలు చూడండి. పొట్ట దశ దాకా ఆగకండి. కరెంటు తీగ కట్టకండి. పక్కవారు కడితే ఆ రోజే విప్పించండి.