యూరప్ ఫార్వర్డ్ వస్తే ఏం చేయాలి

"ఫ్రాన్స్‌లో హిజాబ్ నిషేధం!" అని మా కావలి బావ ఫార్వర్డ్ పంపగానే నేను అడిగేది ఒకటే: ఏ చట్టం బావా? 2004 చట్టం ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకే. పెద్ద శిలువ, సిక్కుల తలపాగా కూడా అందులోకే వస్తాయి. 2010 నాటిది బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడం మీద. బడుల చట్టానికి పునాది చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టం. ఇది తెలియకుండా వాదనకి దిగితే గొంతు నొప్పే.

అన్ని దేశాల్నీ ఒకే గాటన కట్టకండి. స్విట్జర్లాండ్ 2009లో ఓటేసి కొత్త మినార్లు వద్దంది. లండన్ 2016లో ముస్లిం అయిన సాదిక్ ఖాన్‌ని మేయర్ చేసుకుంది.

నెల్లూరుతో పోలిక జాగ్రత్త. దర్గా దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసి చేసుకునే రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో మా అమ్మా నాకు చదువు రావాలని చదువు రొట్టె పట్టుకుంది (నాకు లెక్కల్లో 36 వచ్చాయి, అది వేరే కథ). పారిస్‌కి ఆ చెరువు లేదు.

చివరగా, ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో కాదు. నేను గ్రూపులో పెట్టి, బావ వాళ్ళింటి పెళ్ళిలో భోజనాల బంతి దగ్గర మొహం చాటేశాను.