ఇంట్లో మొక్క, 2వ పాఠం: తెచ్చిన మొదటి పదిహేను రోజులు

పోయిన పాఠంలో నర్సరీలో మొక్కను ఎంచుకోవడం చూశాం. ఇప్పుడది మీ ఇంట్లో ఉంది, ఇంకా నల్ల కవరులోనే. చాలామందికి చేతులు ఊరుకోనిది ఇక్కడే. తెచ్చిన రోజే కుండీ మార్చి, గుప్పెడు ఎరువు వేసి, చెంబుడు నీళ్లు పోస్తారు. వారానికి ఆకులు పండి రాలితే నర్సరీవాళ్లను తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను, తప్పు నాదే అయినా.

నర్సరీలకు పేరున్న కడియం లాంటి చోట్ల ఈ మొక్కలు షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద, తేమ గాలిలో పెరుగుతాయి. మన హాల్లో వెలుగు అంతకంటే ఎంతో తక్కువ, కాకపోతే మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా తెలియదు. ఉన్న వెలుగుతో అన్ని ఆకులనూ పోషించలేక మొక్క కింది ముదురాకులను వదిలేస్తుంది. మనీప్లాంట్‌కు ఇదో లెక్క కాదు. మర్రి జాతికి చెందిన ఫైకస్ బెంజమినా మాత్రం ఆకులు రాల్చి చీపురు పట్టిస్తుంది. చిగుళ్లు బాగున్నంతకాలం టెన్షన్ పడొద్దు.

తూర్పు కిటికీ పక్కన పెట్టండి. పడమటి ఎండ, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. పాత మొక్కలకు ఈ పదిహేను రోజులూ దూరంగా ఉంచండి. ఆకు కాడ మొదట్లో తెల్ల దూదిలా కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఇక అసలు సంగతి, నీళ్లు. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటేనే వేర్లు బతుకుతాయి. ఆ ఖాళీలు ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే వేర్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు, అందుకే తడి మట్టిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. మనం దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం.

పైమట్టి పొడిగా కనిపించినా నమ్మొద్దు. వేలు రెండో కణుపుదాకా దించి చూడమంటారు గానీ, కవర్లలోని బంకమట్టి ముద్దలోకి వేలు దిగదు. సన్నటి చెక్కపుల్ల గుచ్చి తీయండి. తడిమట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా వస్తే, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి.

ఒక్కోసారి ముద్ద బాగా ఎండి, కవరు అంచు నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి తప్ప లోపలికి ఇంకవు. కవరుతో సహా బకెట్ నీళ్లలో అరగంట కూర్చోబెట్టండి.

కుండీ మార్చడం, ఎరువు వేయడం ఇప్పుడే వద్దు. మట్టి కుళ్లు వాసన కొడితే మాత్రం ఆగకండి, వెంటనే మార్చాల్సిందే.

ఈసారి అభ్యాసం: నిండా నీళ్లు పోసి, కారడం ఆగాక కవరును రెండు చేతులతో ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి. రోజూ పొద్దున్నే ఎత్తి చూడండి. వంటింటి త్రాసు ఉంటే ఇంకా మంచిది. కవరు బాగా తేలికై, పుల్ల పొడిగా రావడానికి ఎన్ని రోజులు పట్టిందో క్యాలెండర్ మీద రాయండి. వచ్చే పాఠంలో కవరు కోసి మట్టి మారుస్తాం. కొత్త మట్టిలో అదే లెక్క మళ్లీ తీసి, దీనితో పోల్చి చూడాలి.